ఘాటు లేని పొగ

"పది నిమిషాలు. ఆపైన ఒక్క ముక్క మాట్లాడినా నిన్నూ లోపలేసి తాళం పెడతాను," అన్నాడు సర్కిల్ ఇన్‌స్పెక్టర్ గౌస్ బాషా.

"కాలేజీలోనూ ఇంతే నువ్వు. నీ నోట్సు పది నిమిషాలకి మించి ఎవరికీ ఇచ్చిన పాపాన పోలేదు," అన్నాను.

తలుపు దగ్గరున్న కానిస్టేబులు నవ్వు దాచుకోడానికి దగ్గాడు. గౌస్ బాషా వాడి వంక ఒక చూపు, నా వంక రెండు చూపులు చూసి వెళ్ళిపోయాడు. తెలివైనవాడే, కాదనను. కాకపోతే ఒకసారి ఒక అభిప్రాయానికి వచ్చాడంటే, దాన్ని మార్చుకోవడం కంటే ఊరు బదిలీ చేయించుకోవడం తేలికనుకునే రకం.

నా పేరు ఇమ్మానియేలు. గుంటూరు బ్రాడీపేటలో పళ్ళ డాక్టరు క్లినిక్ మేడ మీద 'ప్రైవేటు డిటెక్టివ్' అనే బోర్డు నాదే. కింద పళ్ళు పీకించుకునేవాళ్ళ అరుపులు వినీ వినీ, నా దగ్గరికొచ్చేవాళ్ళు మెట్ల మీదే సగం నిజం చెప్పేస్తారు. ఆ పొద్దున వచ్చింది మాత్రం ఎలీసమ్మ గారు. మిషన్ కాంపౌండులో అతిథుల బంగళా చూసుకుంటారు. చిన్నప్పుడు సండే స్కూల్లో నా చెవి మెలిపెట్టిన చెయ్యి ఆవిడదే.

"ఒరే అబ్బాయ్, మా బంగళాలో ఉంటున్న ఆఫ్రికా పిల్లోణ్ణి పోలీసులు పట్టుకెళ్ళారు. గొడౌను తగలబెట్టాడంట. చీమ అడ్డొస్తే పక్కకి తప్పుకుని నడిచేవాడురా వాడు! నువ్వెళ్ళి తీసుకురా," అన్నారు. ఫీజు మాట ఎత్తుదామనుకున్నాను. చెవి గుర్తొచ్చి ఊరుకున్నాను.

లాకప్పులో చాప మీద కూర్చున్న మనిషి నన్ను చూసి లేచాడు. రెండు చేతులకీ మోచేతుల దాకా కట్లు. ఆ కట్ల చేతులే జోడించి, "నమస్కారమండి," అన్నాడు తెలుగులో. ఆ తర్వాత ఇద్దరం ఇంగ్లీషులోకి దిగాం.

డేనియల్ వైస్వా. దేశం యుగాండా. వాళ్ళ సహకార సంఘం తరఫున తోలు రోలర్లు చేయించుకెళ్ళడానికి మూడు నెలల క్రితం ఇక్కడికొచ్చాడు.

"రోలర్ల కోసం ఇంత దూరమా?"

"ఒకప్పుడు మా ఊరి జిన్నింగ్ మిల్లు నడిపింది మీ దేశం వాళ్ళే సార్. యుద్ధంలో అది మూతపడింది. సైనికులొచ్చి రోలర్లకున్న తోలు ఒలుచుకుపోయి బూట్లకి అడుగులు వేయించుకున్నారు. రోలరు లేకపోతే పత్తిలోంచి గింజ ఊడదు. గింజ ఊడని పత్తి ఎవడు కొంటాడు? రైతులు పత్తి పీకేసి అరటి, కర్రపెండలం వేసుకున్నారు. యుద్ధం అయిపోయింది, చంపేవాళ్ళు వెళ్ళిపోయారు, కానీ ఉప్పు కొందామన్నా సబ్బు కొందామన్నా ఎవరి చేతిలోనూ ఏమీ లేదు. మిల్లు తిరిగితేనే పత్తి, పత్తి ఉంటేనే ఉప్పు."

"మరి ఆర్డరుకి సొమ్మెక్కడిది?"

"మా నోట్లకి విలువ లేదు. అందుకని పల్లెల వాళ్ళు కోళ్ళిచ్చారు, మేకలిచ్చారు, వేరుశనక్కాయలిచ్చారు. ఏ పల్లె సాయంతో ఏ రోలరు వచ్చిందో, దాని ఇరుసు మీద ఆ పల్లె పేరు ఉలితో నేనే చెక్కాను. ఈసారి నన్ను నమ్మి అందరూ మళ్ళీ పత్తి వేశారు. ఇప్పుడు కాయ పగలబోతోంది." కట్ల చేతుల వంక చూసుకున్నాడు. "ఈ పంటకి మిల్లు తిరక్కపోతే మా ప్రభుత్వం దాన్ని వేలం వేస్తుంది. ఏదో ప్రైవేటు కంపెనీ ఇప్పటికే అర్జీ పెట్టుకుని కాచుక్కూర్చుంది. సోమవారం మద్రాసులో ఓడ. నన్ను జైల్లో పెడితే పెట్టండి సార్, మా వాళ్ళకి నేనేం చెప్పను?"

ఓదార్చడం నాకు చేతకాదు. అందుకే పనిలోకి దిగాను.

"రోలర్లు చేసిచ్చిన ఈ వెంకటనారాయణ మిల్లుని మీకెవరు చూపించారు?"

అప్పుడు మొదటిసారి నవ్వాడు. "మా తమ్ముడు తెన్వా. మేం కవలలం. మా వైపు కవలల్లో ముందు పుట్టినవాడు వైస్వా, వెనక పుట్టినవాడు తెన్వా. పేరు పుట్టుకతోనే వస్తుంది, పెట్టక్కర్లేదు. సైనికులొచ్చిన రోజు ఇద్దరం మిల్లులో పత్తిగింజల గోతిలో ఒకరి మీద ఒకరు పడుకుని దాక్కున్నాం. ఉత్తరాలన్నీ వాడే నడిపాడు. నాకంటే చాలా తెలివైనవాడు."

"నిప్పంటుకున్న మంగళవారం ఏం జరిగింది?"

"రోలర్ల పెట్టెల మూతలు సరిచూద్దామని సాయంత్రం మిల్లుకి వచ్చాను. కరెంటు లేదు. గేటు దగ్గర లాంతరు తీసుకుని గొడౌను వైపు వెళ్తుంటే అప్పటికే పొగ. లాంతరు పడేసి లోపలికి పరిగెత్తాను. పెట్టెలు కనబడలేదు. మండుతున్న దూలం అడ్డంగా పడితే చేతులతో తోశాను. కాపలా తాత నన్ను నడుం పట్టుకుని బయటికి లాగాడు."

"గొడౌను నిండా మిరపకాయలట కదా, అంత ఘాటులో ఊపిరెలా ఆడింది?"

"కళ్ళు మండాయి, అంతే. మామూలు పొగలాగే ఉంది. వచ్చిన కొత్తలో ఎలీసమ్మ గారు తాలింపు వేస్తే తుమ్ముకుంటూ వీధి చివరికి పరిగెత్తేవాణ్ణి. మూడు నెలలైంది కదా, అలవాటైపోయింది. నేనూ మీ గుంటూరు వాణ్ణయిపోయాననుకున్నాను."

నేను పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచీ గుంటూరు కారం తింటున్నాను. ఎండుమిరపకాయ మాడితే నాకిప్పటికీ ప్రాణం మీదికొస్తుంది. ఇతనికి మూడు నెలల్లో అలవాటయిందిట! ఆ ముక్క మనసులో ముడేసుకుని బయటికొచ్చాను.

*

వెంకటనారాయణ మిల్లు చిలకలూరిపేట దాటాక హైవేకి ఎడమ పక్కన ఉంది. చుట్టూ పత్తి చేలు, పైన రాత్రి కురిసిన వాన. గేటు నుంచి గొడౌను దాకా నడిచేసరికి నల్లరేగడి నా బూట్లకి పట్టుకుని ఒక్కోటి ఒక్కో రొట్టెలా తయారైంది.

షావుకారు వెంకటనారాయణ తనే ఎదురొచ్చాడు. ఇస్త్రీ పంచె, నుదుటి మీద విభూతి, చేతిలో రుమాలు.

"రండి రండి. కాఫీ తాగుతారా? ఆ అబ్బాయి మీద నాకు కోపం లేదండీ. యుద్ధం చూసొచ్చినవాడు, మతి చలించి ఉంటుంది. పెట్టెలకి ఇన్సూరెన్సు ఉంది కదా, ఆశ పడ్డాడు. పోయిందల్లా నా మిర్చి! బాంకు తాకట్టులో ఉన్న సరుకు. గొడౌను నిండా టిక్కీలే."

టిక్కీ అంటే గోనెలో తొక్కి కుట్టిన మిరపకాయల బస్తా. రుమాలుతో కళ్ళొత్తుకున్నాడు. ఇంత మంచితనం నా ఒంటికి పడదు. కాఫీ వద్దని లోపలికి నడిచాను.

కప్పు కూలిపోయింది. గోడలు నల్లబడి నిలబడి ఉన్నాయి. బస్తాల గుట్ట ఉన్నచోట మోకాలెత్తు బూడిద. గుట్టగా పేర్చిన సరుకు తగలబడితే పైన మాడినా అడుగున సగం పచ్చిగానే మిగులుతుంది. కర్ర పెట్టి అడుగుదాకా కెలికాను. ఒక్క మిరపతొడిమ లేదు, ఒక్క గింజ లేదు. గుప్పిట్లోకి వచ్చింది బూడిదరంగు పొట్టు. దోసిట్లో పోసుకుని ఎండలో చూశాను. వరి ఊక. ఊక కాలినా దాని రూపం పోదు, గింజ మీది గీతలతో సహా అలాగే ఉంటుంది.

పెట్టెలున్న మూలకి వెళ్ళాను. మేకులు దొరికాయి, ఇనుప పట్టీలు దొరికాయి. ఇరుసులు లేవు. తోలు కాలిపోవచ్చు, చెక్క కాలిపోవచ్చు. ఉక్కు ఇరుసులు కూడా కాలి బూడిదయ్యాయంటే ఆ నిప్పుని ఏ ఉక్కు ఫ్యాక్టరీకో అద్దెకివ్వాలి.

గోడవారగా కాపలా తాత వెంకయ్య బీడీ కాల్చుకోకుండా చేత్తో తిప్పుతూ కూర్చున్నాడు.

"ఆయన్ని బయటికి లాగింది నువ్వేనా తాతా?"

"నేనేనయ్యా. ఆయనింత మనిషి, నేనింత మనిషి. ఎట్టా ఈడ్చానో ఆ కోటప్పకొండ సామికే ఎరుక."

"మిరప ఘాటుకి ఎట్లా తట్టుకున్నావు?"

తాత అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "ఘాటే రాలేదయ్యా."

"రాలేదా?"

"అణువంత రాలే! పిల్లోడికి దిగదుడిచి గుప్పెడు మిరపకాయలు పొయ్యిలో వేస్తాం. ఘాటు రాలేదనుకో, దిష్టి గట్టిగా తగిలినట్టు కదా. ఇక్కడ గొడౌనుకి గొడౌను కాలినా ఒక్క తుమ్ము రాలేదంటే, షావుకారి గారి మీద ఎన్ని పాపిష్టి కళ్ళు పడ్డాయో చూసుకో! గుమ్మడికాయ కట్టించండి బాబూ అని నేను చెప్తానే ఉన్నా. విన్నాడా?"

"ఈ మాట పోలీసులకి చెప్పావా?"

"దిష్టి సంగతి పోలీసోళ్ళకెందుకయ్యా? వాళ్ళేమన్నా తీస్తారా?"

నేను నవ్వలేదు. మా అమ్మ ఆదివారం గుడికెళ్ళొచ్చి, బైబిలు బల్ల మీద పెట్టి, అదే చేత్తో నాకు మిరపకాయలు దిగదుడిచేది. ఘాటు రాకపోతే ఆవిడ ముఖం ఎలా పాలిపోయేదో నాకు బాగా గుర్తు.

గొడౌను వెనక కూలీల గదులున్నాయి. మొదటి గది ఆదెమ్మది. బయట మూడు రాళ్ళ పొయ్యి మీద కూర ఉడుకుతోంది. ఆమె కూతురు సంతోషకుమారి గడప మీద కూర్చుని, ఊపిరి తీసుకున్నప్పుడల్లా సన్నగా ఈల వేస్తోంది. ఉబ్బసం.

"పొగ మీ గది మీదికే వచ్చి ఉంటుంది కదమ్మా?"

"తిన్నగా నా ఇంట్లోకే వచ్చిందయ్యా! నా బిడ్డ పక్కింట్లో తాలింపేస్తేనే నీలుక్కుపోద్ది. ఆ మిరపకాయల పొగ తగిల్తే దక్కదు. బయట మంట, ఎటూ పోవడానికి లేదు. దాన్ని కొంగులో చుట్టి మోకాళ్ళేసి, ప్రభువా, నా బిడ్డని కాపాడయ్యా అని ఏడ్చా. ఆయన విన్నాడు! ఘాటనేదే రాలేదు. గుళ్ళో సాచ్చెం కూడా చెప్తా ఈ ఆదివారం."

ఆమె నమ్మకానికి నేను అడ్డు చెప్పలేదు. దేవుడు మేలు చేశాడనే నేనూ అనుకుంటాను. కాకపోతే మిరపకాయల్ని ముందుగానే అక్కణ్ణుంచి తీయించి చేశాడు.

ఒకాయన అలవాటనుకున్నాడు. ఒకాయన దిష్టి అనుకున్నాడు. ఈవిడ దేవుడి దయ అనుకుంది. ఎవరికి వాళ్ళు జవాబు దొరికింది కాబట్టి ముగ్గురిలో ఒక్కరూ ప్రశ్న బయటపెట్టలేదు. నాకు ఒళ్ళంతా చిమచిమలాడింది. సంతోషం వేస్తే నాకంతే.

*

సరిగ్గా అప్పుడే గౌస్ బాషా జీపు గేట్లోకి వచ్చింది. వెనక సీట్లోంచి మిల్లు మేస్త్రి అంకయ్య దిగాడు. వైస్వా నిప్పంటించడం కళ్ళారా చూశానని వాంగ్మూలం ఇచ్చింది ఇతనే.

"బూడిదలో బంగారం దొరికిందా డిటెక్టివ్ గారూ?" అన్నాడు గౌస్ బాషా.

"ఊక దొరికింది."

"తేమ తగలకుండా బస్తాల కింద ఊక పరుస్తారు. చిన్నపిల్లాణ్ణడుగు, చెప్తాడు."

"మోకాలెత్తు పరుస్తారా? ఇరుసులేవి?"

"మంట ఆరిన మొదటి రాత్రి మా కాపలా లేదు. పాత ఇనుము ఏరుకునేవాళ్ళు ఎత్తుకుపోయి ఉంటారు."

"నీ దగ్గర అన్నిటికీ జవాబుంది బాషా. ఈ ఊళ్ళో అందరి దగ్గరా ఉంది, అదే వచ్చిన చిక్కు. నీ సాక్షిని రెండు మాటలు అడగనిస్తావా?"

"అడుగు. రాయిలాంటి సాక్షి. తల బద్దలు కొట్టుకో."

అంకయ్య చేతులు కట్టుకుని నిలబడ్డాడు. షావుకారు కూడా వచ్చి పక్కన నిలుచున్నాడు.

"ఎక్కడ నిలబడి చూశావు అంకయ్యా?"

"గొడౌను తలుపు కాడండి. ఆయన లాంతరు బస్తాల మీదికి విసిరాడు."

"నువ్వు లోపలికెళ్ళావా?"

"ఎల్లానండీ! ఆర్పుదామని రెండడుగులేశా. అమ్మో, ఆ మిరప ఘాటు! కళ్ళు పోయినంత పనైంది. గొంతులో నిప్పులు పోసినట్టుంది. దగ్గి దగ్గి రక్తం పడిందండి. రెండ్రోజులు అన్నం మెతుకు దిగలేదు."

"విన్నావా?" అన్నాడు గౌస్ బాషా గర్వంగా.

"విన్నాను. చాలా బాగా చెప్పాడు. ఆదెమ్మా, పాపని అవతల వీధిలో ఎవరింటికైనా పంపమ్మా. కూర కూడా దించు. నీ డబ్బాలోంచి గుప్పెడు ఎండుమిరపకాయలు కావాలి."

పాప దూరంగా వెళ్ళిందాకా ఆగాను. ఆ తర్వాత గుప్పెడూ పొయ్యిలో వేశాను.

ముందు ఆదెమ్మ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని పరిగెత్తింది. వెనక కానిస్టేబులు. అంకయ్య గోడ పట్టుకుని వంగిపోయాడు. గౌస్ బాషా టోపీ ఊడి బురదలో పడింది. వాడు దాన్ని తీసుకునే స్థితిలో లేడు, తుమ్ముకీ తుమ్ముకీ మధ్య నన్ను తిడుతున్నాడు. నేనూ తక్కువ తినలేదు, ముక్కు నోరు ఏకమయ్యాయి.

"నీకు పిచ్చి గానీ ప—హాఛ్—పట్టిందిరా?"

"గుప్పెడు, బాషా!" అన్నాను కళ్ళు తుడుచుకుంటూ. "ఇది గుప్పెడు, అదీ ఆరుబయట. అక్కడ గొడౌను నిండా కాలితే కాపలా తాతకి తుమ్ము రాలేదు, దిష్టి అనుకున్నాడు. వైస్వాకి రాలేదు, అలవాటనుకున్నాడు. ఉబ్బసం పిల్లకి దగ్గు రాలేదు, తల్లి దేవుడి దయ అనుకుంది. ఆ మంట దగ్గర నిజంగా ఉన్న ముగ్గురికీ ఘాటు తగల్లేదు. రక్తం పడేలా తగిలింది ఒకే ఒక్కడికి."

గౌస్ బాషా తుమ్ము మధ్యలోనే ఆగిపోయాడు. ఎర్రబడ్డ కళ్ళతో మెల్లిగా అంకయ్య వైపు తిరిగాడు.

"అక్కడ మిరపకాయలున్నాయని నమ్మినవాడే ఆ మాట అంటాడు," అన్నాను. "ఇతనికి అబద్ధం నేర్పినవాడు సగమే నేర్పాడు. బస్తాల్లో ఊక ఉందని ఇతనికీ చెప్పలేదు. మంట లేచినప్పుడు నువ్విక్కడ లేవు అంకయ్యా. ఎక్కడున్నావు?"

"ఇక్కడేనండీ... నా తల్లి తోడు..."

"నీ చెప్పులు చూపించు."

ఆ నేలలో కాలు పెట్టిన అందరికీ నల్ల మట్టి. అంకయ్య చెప్పుల అంచుకి మాత్రం నల్ల మట్టి కింద తెల్లటి పెచ్చు, ఎండి గట్టిపడి ఉంది.

"సున్నమండీ. ఇంటికి వెల్లేశాను."

"పాపం, వెల్లేశాడట. ఆదెమ్మా, చిటికెడు పసుపు!"

పసుపు తడిపి ఆ పెచ్చుకి రుద్దాను. పసుపూ సున్నం కలిస్తే పారాణిలా ఎర్రబడాలి, పెళ్ళిలో కాళ్ళకి పెట్టుకున్న ప్రతివాడికీ తెలుసు. చూస్తూ నిలబడ్డాం. పసుపు పచ్చగానే ఉంది.

"సున్నం కాదు," అన్నాడు గౌస్ బాషా నెమ్మదిగా. వాడి గొంతులో మొదటిసారి కుతూహలం వినబడింది. "రాతి పిండి. మార్టూరులో రాళ్ళకి పాలిష్ పెట్టేచోట నీళ్ళతో కలిసి కారే బురద. పోయిన నెల ఒక కేసులో నా బూట్లూ ఇలాగే తగలడ్డాయి."

అంకయ్య అక్కడే కూలబడ్డాడు. "నాకేం తెలవదు బాబూ! ఆ పెట్టెలు మార్టూరు చేర్చి రమ్మని షావుకారు చెప్తే మధ్యాన్నమే లారీలో ఏసుకెళ్ళా. ఆయన బావమరిది షెడ్డు బయటే దించి వచ్చేసరికి అంతా కాలిపోయి ఉంది. ఇట్టా చెప్పు, లేకపోతే పనిలో ఉండవన్నాడు. ఆరుగురు పిల్లలు బాబూ..."

షావుకారి కోసం చూశాం. మిరప పొగలో ఎవరి కళ్ళు వాళ్ళు తుడుచుకుంటున్నప్పుడు, ఆయన కారెక్కి వెళ్ళిపోయాడు.

*

జీపు మార్టూరు వైపు దూసుకుపోతోంది. గౌస్ బాషా వైర్‌లెస్‌లో, పెట్టెలు గుర్తుపట్టాలి, వైస్వాని ఇంకో జీపులో తీసుకురమ్మని చెప్పాడు.

"ఊక మీద ఒక్క టిక్కీ నిజం మిరపకాయలు పేర్చి షావుకారు తగలబెట్టి ఉంటే, నీ దగ్గర నేను ఓడిపోయేవాణ్ణి," అన్నాను.

"ఆ ఒక్కటి తగలబెట్టడానికి కూడా వాడికి మనసు రాలేదు. పిసినారి వెధవ!" అని, కాస్త ఆగి, "టోపీ ఉతికించే ఖర్చు నీదే," అన్నాడు.

మార్టూరు చివర పాలిషింగ్ షెడ్డు ముందు కారుంది. పక్కనే లారీ, వెనక తలుపు దించి ఉంది. షావుకారు షెడ్డు తలుపుకి వీపు ఆనించి నిలబడ్డాడు. ముఖంలో కంగారు లేదు.

"ఇది మా బావమరిది షెడ్డండీ. లోపల రాళ్ళు తప్ప ఏమీ లేవు. తాళం తీయాలంటే వారంటు చూపించండి. ఆ మేస్త్రి గాడి మాట మీద మా చుట్టాల ఆస్తిలోకి జొరబడితే ఊరుకోను. నాకూ హైదరాబాదులో మనుషులున్నారు."

గౌస్ బాషా ఆగాడు. వారంటుకి వెళ్ళి వచ్చేలోపు ఆ లారీ వెనక నుంచి నిండిపోతుందని ముగ్గురికీ తెలుసు. సోమవారం ఓడ కూడా వెళ్ళిపోతుంది. అంతలో రెండో జీపు వచ్చింది. వైస్వా కట్ల చేతులతో దిగి, ఏమీ అర్థం కాక, మా దగ్గరికి నడిచొచ్చాడు. షెడ్డు తలుపు ముందు నిలబడ్డాడు.

"హాఛ్!"

అందరం అతని వంక చూశాం.

"సారీ సార్," అన్నాడు. వెంటనే ఇంకొకటి. ఆపైన వరసగా, ఊపిరి తిప్పుకోనివ్వకుండా. నడుం వంగిపోయింది, కళ్ళు ధారలు కట్టాయి. ఆ తుమ్ముల మధ్యే నన్ను చూసి ఆశ్చర్యంగా, "అలవాటు కాలేదండీ!" అన్నాడు తెలుగులో.

నేను తలుపు సందు దగ్గర ముక్కు పెట్టాను. పెట్టి తీసేశాను.

"రాళ్ళకి తుమ్ములొస్తాయా షావుకారు గారూ?" అన్నాడు గౌస్ బాషా. "పాలిష్ నీళ్ళతో చేస్తారు, దుమ్ము కూడా లేవదు. నాకిక వారంటక్కర్లేదు. అనుమానానికి ఆధారం ఇదుగో, ఆరడుగుల ఎత్తున నిలబడి తుమ్ముతోంది. ఒరేయ్, తాళం పగలగొట్టండి!"

లోపల కప్పుదాకా టిక్కీలు. బాంకుకి బూడిద చూపించి, సరుకు వేరే పేరుతో అమ్ముకునే ఏర్పాటు. వాటి వెనక, టార్పాలిన్ కింద, పెట్టెలు. వైస్వా కట్లు చిరిగేలా ఒక మూత లాగాడు. రోలర్లు వరసగా పడుకుని ఉన్నాయి. ఒక్కో ఇరుసు చివర చెక్కిన పేరు వేలితో తడిమి పైకి చదివాడు. మా ఎవరికీ తెలియని పల్లెలు. సొంత మనుషుల పేర్లు చదివినట్టు చదివాడు.

"కేసు ప్రాపర్టీ అంటావా?" అని గౌస్ బాషాని భయం భయంగా అడిగాను. కోర్టు గదిలో పడితే ఆ పెట్టెలు చెదలు తినాల్సిందే.

వాడు మీసం తడుముకున్నాడు. "మిర్చి చాలు నా కేసుకి. ఒక్క రోలరు ఉంచుకుని, మిగతావి ఫొటోలు తీసి జామీను మీద ఇప్పిస్తాను. మెజిస్ట్రేటుని ఈ పూటే నేనే కలుస్తాను. మళ్ళీ మళ్ళీ అడక్కు."

నాకు వాడిని కావలించుకోవాలనిపించింది. మీసం చూసి మానుకున్నాను.

"ఇంతకీ ఇవి షావుకారికెందుకు?" అన్నాను. "ఈ తోలు రోలర్లు ఇక్కడ ఎవరికి అమ్ముతాడు?"

వెంకటనారాయణ పెట్టెల వంక చూసి ముఖం తిప్పుకున్నాడు. గౌస్ బాషా పెట్టెని పక్కకి తిప్పించాడు. సహకార సంఘం పేరు మీద నల్ల రంగు పూసి, పైన తెల్ల రంగుతో కొత్తగా రాసి ఉంది. ఓడ అదే, రేవు అదే, ఊరు అదే. తీసుకునేవాడి పేరు మాత్రం మారింది.

'తెన్వా అండ్ కంపెనీ, కాటన్ జిన్నర్స్.'

వేలం కోసం అర్జీ పెట్టుకుని కాచుక్కూర్చున్న కంపెనీ ఏదో నాకప్పుడు అర్థమైంది. రోలర్లు కాలిపోయాయన్న కబురు అందితే సంఘం ఓడిపోతుంది, మిల్లు వేలానికొస్తుంది, అవే రోలర్లు కొత్త యజమాని చేతిలో దిగుతాయి. నేను వైస్వా వంక చూడలేకపోయాను.

"ఎవడీ తెన్వా?" అన్నాడు గౌస్ బాషా. "ఎక్కడుంటాడో చెప్పు."

వైస్వా ఆ అక్షరాల మీద చెయ్యి వేశాడు. తుమ్ములు ఆగిపోయాయి. కళ్ళలోంచి నీళ్ళు మాత్రం ఆగలేదు, అవి మిరపకాయల వల్ల వచ్చేవి కావు.

"గింజల గోతిలో వాడు నా మీద పడుకున్నాడు సార్," అన్నాడు. "తూటా వస్తే ముందు తనకే తగలాలని. అప్పుడు వాడలా ఉండేవాడు."

కానిస్టేబులు నల్ల రంగు డబ్బా, కుంచె తెచ్చాడు, ఆ పేరు కొట్టేసి సంఘం పేరు రాయడానికి. వైస్వా కుంచె అందుకున్నాడు. రంగులో ముంచాడు. చెయ్యి పెట్టె దాకా వెళ్ళి ఆగింది. కుంచెని మళ్ళీ డబ్బాలో పెట్టేశాడు.

"పేరు అలాగే ఉండనివ్వండి."

"అదేమిటి?"

"కాలిపోలేదని వాడికి ఎవరూ చెప్పొద్దు. నేను జైల్లో ఉన్నాననే అనుకోనివ్వండి. రేవులో సరుకు దించుకోడానికి వాడే వస్తాడు." కళ్ళు తుడుచుకోకుండానే నా వంక చూశాడు. "మూత తీసేటప్పటికి పెట్టె పక్కన నేను నిలబడి ఉంటాను."